కాదన్నవాళ్ల పేర్లు

మధ్యాహ్నం మూడింటికి మా అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ విజిల్ వేస్తాడు. ఎవరో కారు అడ్డంగా పెట్టి ఉంటారు, అంతే. అయినా నా చేతిలో పెన్ను ఆగిపోతుంది. హబ్సిగూడకు మారి ఇన్నేళ్లయినా ఈ పాడు భయం నన్ను వదల్లేదు. విజిల్ వినగానే మల్లేశం సారు కుర్చీలోంచి లేచి నిలబడడం కళ్లకు కడుతుంది.

అప్పుడు మేం నాచారం ఫ్యాక్టరీల వెనక, ఉప్పల్ వైపు వెళ్లే దారిలో ఒక కాలనీలో ఉండేవాళ్లం. సారు ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఓట్లు వేసి ఆయన్ని మా కాలనీ సంఘానికి అధ్యక్షుణ్ణి చేశాం. నా దస్తూరీ బాగుంటుందని నన్ను సహాయ కార్యదర్శిని చేసి మినిట్స్ పుస్తకం అప్పజెప్పారు. ఆయన మీటింగు పెడితే తెప్పించిన మిర్చిబజ్జీలు చల్లారిపోవాల్సిందే. ప్రతివాడినీ మాట్లాడనిచ్చేవారు, మధ్యలో ఆపేవారు కాదు. నాకు చచ్చేంత విసుగొచ్చేది.

మొదటి మీటింగులో బోరు ఎక్కడ వెయ్యాలన్న చర్చ జరిగింది. పార్కు పక్కన వేద్దామని నలభై చేతులు లేచాయి, వద్దని రెండు. నేను 'తీర్మానం ఆమోదించబడినది' అని రాసి పుస్తకం మూసేశాను. సారు మళ్లీ తెరిపించారు.

"వద్దన్నోల్లు ఎవరు బిడ్డా? ముందు ఆల్ల పేర్లు రాయి. ఎందుకు వద్దన్నరో గది గూడ రాయి."

"ఓడిపోయిన్రు గద సారూ, ఇంకెందుకు?"

"అందుకే రాయాలె. ఓడిపోయినోడు రేపొచ్చి గీ పుస్తకం తెరుస్తడు. ఆయన పేరు కనబడితేనే మల్ల మీటింగుకొస్తడు. లేకుంటే ఇంట్ల కూసుంటడు, లేదంటే రాయి వట్టుకుంటడు."

అప్పటినుంచి మా పుస్తకంలో ప్రతి తీర్మానం కింద కాదన్నవాళ్ల పేర్లే ముందు వచ్చేవి. బయటివాళ్లు చూస్తే నవ్వేవారు. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చేది.

తర్వాత ఉద్యమం రోజులు వచ్చాయి. బంద్‌లు, ఆగిపోయిన బస్సులు, పూటకో పుకారు. అదే సమయంలో మా కాలనీలో వరసగా మూడిళ్లు దోచారు. పట్టపగలు కూరగాయలకు వెళ్లిన మా అమ్మ మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుపోయారు. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ మెడ మీద చెయ్యి పెట్టుకునే తిరిగింది. గేట్లు పెట్టాలా, పెడితే వెనక బస్తీవాళ్ల దారి ఏం కావాలి అని సారు రెండు మీటింగులు నడిపినా తేలలేదు. జనానికి ఓపిక నశించింది. నాకూ నశించింది.

మా కాలనీలోనే సైన్యంలో పనిచేసి వచ్చిన సుబేదారు గారు ఉండేవారు. తనలాంటి మాజీ సైనికులతో సెక్యూరిటీ ఏజెన్సీ నడిపేవారు. ఒక ఆదివారం ఉదయం మీటింగుకు వెళ్లేసరికి షామియానాకు రెండు వైపులా యూనిఫాంలో ఆరుగురు నిలబడి ఉన్నారు. సుబేదారు గారు విజిల్ వేశారు. అందరం టక్కున నోళ్లు మూశాం.

"పరిస్థితి సక్కబడేదాంక కమిటీ లేదు, ఎలక్షన్ లేదు. జిమ్మేదారీ నాది. మీకు ఫికర్ వద్దు," అన్నారు.

సారు పదవీకాలం ఇంకా ఏడాది ఉంది. ఆ మాట ఎవరూ అనలేదు. చప్పట్లు కొట్టారు. మా అమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది.

"కాదనేటోల్లు చెయ్యెత్తుండ్రి," అన్నారు సుబేదారు గారు.

సారు లేచి నిలబడి చెయ్యెత్తారు. ఆయన ఒక్కరే. నా కుడిచెయ్యి పుస్తకం మీద ఉంది, ఎడమచెయ్యి పుస్తకం కింద దాక్కుంది. ఆరుగురిలో ఒకతను బల్ల మీది తాళాలూ రబ్బరుస్టాంపూ తీసుకున్నాడు. ఇద్దరు సారు రెండు రెక్కలు పట్టుకుని, "నడువుండ్రి సార్" అంటూ బయట రోడ్డు దాకా తీసుకెళ్లారు. సారు చెప్పు ఒకటి షామియానా కిందే ఉండిపోయింది.

"ఏకగ్రీవంగా అని రాయమ్మా," అన్నారు సుబేదారు గారు నా వెనక నిలబడి.

రాశాను. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.

కాలనీ దారులకు గేట్లు లేచాయి, దొంగతనాలు ఆగిపోయాయి. అది అబద్ధం కాదు, హాయిగా నిద్రపోయాం. కొన్నాళ్లకు చెంగిచెర్ల నుంచి వచ్చే ఆకుకూరలావిడకు పాస్ లేదని లోపలికి రానివ్వలేదు. మళ్లీ ఎన్నికలెప్పుడని అడిగిన ఒకాయన ఇంటి ముందు మూడు రోజులు గార్డు నిలబడ్డాడు. ఏమీ అనలేదు, ఊరికే నిలబడ్డాడు. ఆ తర్వాత ఎవరూ ఏదీ అడగలేదు. ఒక సాయంత్రం టీవీలో, ఎక్కడో ఒక దేశంలో జనం ఎన్నుకున్న నాయకుణ్ణి సైనికులు బండెక్కించుకుపోతున్నారు, రోడ్డు మీద జనం చప్పట్లు కొడుతున్నారు. అమ్మ గబగబా లేచి సౌండు తగ్గించింది. కిటికీ బయట ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

ఆ మర్నాడే సారు ఇంటికి వెళ్లాను. మా రెండిళ్ల మధ్య ఉన్న చిన్న సందు దాటేలోపు నాలుగుసార్లు వెనక్కి చూసుకున్నాను. ఆయన చాయ్ ఇప్పించి ఒక్కటే అడిగారు.

"గా పేజీల నా పేరు రాసినవా బిడ్డా?"

"లేదు సారూ. భయమైంది."

"సుబేదార్ మీద నాకు కోపం లేదు. ఆయన నేర్సుకున్నది గదే. నీకు నేర్పింది మాత్రం నేను గద," అన్నారు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు.

రాష్ట్రం వచ్చే ముందు చలికాలంలో సారు పోయారు. మరుసటి ఏడాది సుబేదారు గారు మోకాళ్లు పనిచేయక మల్కాజిగిరిలో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ, పుస్తకం తెచ్చి నాకే ఇచ్చారు. "నీ రాత మస్తుగుంటది," అని మెచ్చుకున్నారు కూడా. ఆయన అటు వెళ్లగానే ఆ పేజీ తీశాను. 'ఏకగ్రీవంగా' అన్న మాట కొట్టేసి, కింద 'కాదన్నవారు: 1. మల్లేశం సారు' అని రాశాను. ఆ కింద 2 అని అంకె వేశాను. నా పేరు రాయబోయి ఆగిపోయాను. ఆ రోజు నేను చెయ్యెత్తలేదు కదా. ఆ అంకె పక్కన ఇప్పటికీ ఖాళీయే.

నిన్న మా అపార్టుమెంటు మీటింగులో, ఈసారి ఎన్నికలెందుకు, ఉన్నవాళ్లే కొనసాగుతారు, కాదనేవాళ్లున్నారా అన్నారు. ఆ రోజు పుస్తకం కింద దాక్కున్న ఎడమచెయ్యి ఎత్తాను. "నా పేరు రాయండి," అన్నాను.