టీవీలో ఉన్న రంగే కావాలె

లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే నాగమణమ్మ నోట "లేదు" అన్న మాట విన్నవాళ్లు చరిత్రలో లేరు. చీర కొంగు తెచ్చి చూపితే చాలు, దానికి తోడబుట్టిందా అన్నట్టున్న గాజు తీసి మణికట్టు మీద పెట్టేది. భర్త పోయాక దుకాణంతోపాటు ఆమెకు దక్కిన ఆస్తి ఈ పరువే. ఎదురు దుకాణం సోమశేఖర్‌ది గల్లాపెట్టె పెద్దది. కానీ అక్కడ "లేదు" అన్న మాటకు కొదవ లేదు. ఆ ఒక్క తేడా తలచుకునే ఆమె హాయిగా నిద్రపోయేది.

అటువంటి పరువుకు ముప్పు ఒక పసుపుపచ్చ వైరు రూపంలో వచ్చింది.

కొడుకు శ్రవణ్‌కుమార్ తన ఆఫీసువాళ్లు పారేయబోయిన కంప్యూటరు తెచ్చాడు. దాని గ్రాఫిక్స్ కార్డును ఇంట్లోని పాత డబ్బా టీవీకి ఆ వైరుతో కలిపి, టీవీని దుకాణం అలమారా మీద ప్రతిష్ఠించాడు. గాజుల ఫోటోలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే బజారు నిలబడి చూసింది. నాగమణమ్మ ఉబ్బిపోయి, "ఇండ్ల కనిపించేదంతా మన దుకాన్ల ఉన్నది" అని వచ్చేపోయేవాళ్లందరికీ మాటిచ్చేసింది. తెర వైపు మాత్రం తాను సరిగా చూడలేదు.

చూసింది ఆండాలు. అక్క కూతురి పెళ్లికి వేసుకోవడానికి గాజులు కొందామని ధూల్‌పేట్ నుంచి వచ్చిన ఆవిడ, తెర మీది ఒక సెట్టుకు వేలు చూపింది. నాగమణమ్మ ఆ సెట్టే తీసి ముందు పెట్టింది. నిఖార్సైన రాణీ రంగు.

"గిది గాదక్కా. గది."

"గదే ఇది."

"గది ఉల్లిపొర లెక్కున్నది. అంచుకు కుంకుమ కారినట్టున్నది. గిదేమో ఉత్త రాణీ. నా కండ్లు మంచిగనే ఉన్నయి."

నాగమణమ్మ అప్పుడు తెరను తేరిపార చూసింది. ఫిరోజీ నీలం గాజులు పాచి పట్టాయి. బంగారు గాజులు ఆవపిండిలో దొర్లినట్టున్నాయి. ఎరుపైతే తన హద్దు దాటి పక్క గాజు ఇంట్లోకి చొరబడింది.

"టీవీకి తబియత్ బాగలేదు చెల్లె."

"కనిపించేదంతా ఉన్నదంటివి గదా. లేకుంటే లేదని చెప్పు, సోమశేఖర్ సేట్ దగ్గరికి పోత."

ఎదుట సోమశేఖర్ మెడ చాచాడు. ఆయన మెడ పొట్టిది. అంత దూరం రావడం అరుదు.

"లేదని ఎవరన్నరు? ఐతారం రా," అంది నాగమణమ్మ.

సాయంత్రం కొడుకు రోగం కనిపెట్టాడు. "టీవీకి పొయ్యే తొవ్వ ఒక్కటే వైరమ్మా. రంగులన్ని అండ్లకెళ్లే పోవాలె. ఒక్క ఆటోల పదిమందిని కుక్కితే ఎవరి చెయ్యి ఎవరి ఒళ్ల ఉంటదో తెలుస్తదా? గట్లనే. రంగుకో వైరున్న కార్డు పెడ్త, సాఫ్ అయితది."

"ముట్టినవంటే చూడు. సాఫ్ అయితే ఆండాలుకు ఏం జూపియ్యాలె?"

రోగం నయం కాకుండా కావలి కాయించుకున్న టీవీ హైదరాబాదులో బహుశా అదొక్కటే.

లక్క గాజులు చేసే ఉస్తాద్ ఖలీల్ భాయ్ నమూనా కళ్లజూడనిదే కుంపటి ముట్టించడు. గుడ్డపీలికో గాజుముక్కో ముందుండాలి. ఫోనులో తెర ఫోటో తీసి చూపితే అందులో మూడో రంగు పడింది. ఉస్తాద్ కుంపటి వదిలి రాడు. కనుక నమూనాయే ఉస్తాద్ దగ్గరికి బయల్దేరింది: ఆటోలో, టీవీ నాగమణమ్మ ఒళ్లో, కంప్యూటరు కాళ్ల సందున. చార్మినార్ దగ్గర బండ్లు ఆగినప్పుడు పక్క స్కూటరాయన జాలిగా, "దవాఖానకా అమ్మా?" అన్నాడు.

"అవు," అంది.

ఖలీల్ భాయ్ తెర ముందు కూర్చుని గడ్డం నిమిరాడు. "బెహన్, ఏ రంగ్ హై కి బీమారీ?"

"రంగు అదే, రోగం అదే భాయ్. రెండు దించాలె."

దించాడు. ఉల్లిపొర గులాబి, అంచున ఒక వైపుకే జారిన కుంకుమ, దాని వెనక దెయ్యంలాంటి పలచని నీడ. కళ చేయగలిగినంత అన్యాయం ఆయన చేశాడు.

ఆదివారం ఆండాలు ఒక్కో గాజునూ తెరకు ఆనించి పోల్చింది. సోమశేఖర్ గల్లా వదిలి గడప దాకా వచ్చాడు. ఆమెకు వంక దొరకలేదు. దొరక్కపోవడం నచ్చనూ లేదు.

"రంగు కలిసింది. గని టీవీల అంచులు వణుకుతున్నయక్కా. ఇవి వణుకుతలేవు."

నాగమణమ్మ ఆండాలు చెయ్యి లాగి, వేళ్లు దగ్గరికి నొక్కి, గాజులన్నీ ఎక్కించింది.

"ఇగ ఊపు."

ఊపింది. గాజులు వణికాయి. టీవీకన్నా ఒక పిసరు ఎక్కువే వణికాయి.

"ఊపినంతసేపు వణుకుతయి. ఆపితే నా పూచీ లేదు."

సోమశేఖర్ మెడ యథాస్థానానికి వెళ్లిపోయింది.

పెళ్లినాడు ఆండాలు ముందు వరుసలో కూర్చుని చెయ్యి ఊపడం ఆపితే ఒట్టు. వెనక వరుసలవాళ్లు భోజనాలకు పిలుస్తోందనుకుని, తాళి కట్టకముందే లేచి విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఇదెక్కడి పద్ధతని మగపెళ్లివారు లొల్లి పెట్టారు. పెళ్లిపిలుపు అందుకుని వచ్చిన నాగమణమ్మ కూడా అప్పటికే పప్పు వడ్డించుకుంటోంది.

"అడిగిన రంగు ఇచ్చిన," అంది. "అన్నం సంగతి నన్నడగకుండ్రి."