డ్రాయరులో ఇటుకలు

కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే ఉద్యోగం ఆయనది. కానీ వీధిలో పెద్దాచిన్నా అందరికీ ఆయన రోమ్ బాబాయే. కంపెనీ వాడు ఫోనులో పెట్టిచ్చిన సరుకంతా ఊడబెరికి, ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి ఊరికే పంచిపెట్టే సాఫ్ట్‌వేరు దాంట్లోకి ఎక్కించడం ఆయన పిచ్చి. ఆ సాఫ్ట్‌వేరును రోమ్ అంటారు, ఎక్కించడాన్ని ఫ్లాష్ చెయ్యడం అంటారు. ఈ రెండు మాటలూ రానివాడు ఆయన దగ్గర పావుగంట కూర్చుంటే చాలు, వద్దన్నా వచ్చేస్తాయి.

ఫ్లాషింగు వికటించి ఫోను మళ్ళీ కళ్ళు తెరవకపోతే దాన్ని ఇటుక అంటారు. అలాంటివి ఆయన బల్ల డ్రాయరులో అరడజను దాకా ఉన్నాయి.

"ఇంకాసిని పోగెయ్యండి, పెరటి గోడ లేపేద్దాం" అంటుంది భార్య. ఆవిడ బేకరీలో కేకుల మీద క్రీముతో పేర్లు రాస్తుంది. చెయ్యి వణకదు, మాట అసలే వణకదు.

ఆ ఇటుకల్లో ఒకటి నిజానికి ఇటుక కాదు. ఆన్ చేస్తే లేస్తుంది, సగం లేచి పడుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. దీన్ని బూట్‌లూప్ అంటారు. తెరుచుకునేటప్పుడు కనబడే బొమ్మ, వినబడే శబ్దం కూడా తనే తయారుచేసి పెట్టుకున్న ముద్దుల ఫోను అది. అలా అయిపోయాక దాని మొహం చూడలేక బ్యాటరీ ఊడదీసి డ్రాయరు అడుగున పడేశాడు.

ఎన్ని ఫోన్లు పాడుచేసినా, భార్య ఫోను మీద మాత్రం ఆయన చెయ్యి పడలేదు. ఆవిడ పడనివ్వలేదు. ఎందుకంటే దాని రింగ్‌టోను వాళ్ళ నాన్న గొంతు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ పెద్దాయనకి ఫోను మోగితే చాలు, చిరాకు. "ఒసే చిట్టీ! ఫోను మోగుతోంది, చెవులెక్కడ పెట్టుకున్నావే! ఎత్తు ముందు!" అని అరిచి, అరిచినందుకు ఓ దగ్గు దగ్గేవాడు. ఒకసారి కూతురు ఆ అరుపు రికార్డు చేసి రింగ్‌టోనుగా పెట్టేసింది. ఇప్పుడు పెద్దాయన లేడు, అరుపు మిగిలింది.

చివరికి ఆ ఫోను నత్తకి తమ్ముడిలా తయారైంది. ఓ ఆదివారం పొద్దున్న ఆవిడే తెచ్చి చేతిలో పెట్టింది.

"ఎప్పటికవుతుంది?"

"మా రోము గ్రూపులో ఆ ప్రశ్న అడక్కూడదే. రోము రాసేవాళ్ళు ఊరికే రాసిస్తారు కదా, ఎప్పుడిస్తావని అడిగితే గ్రూపులోంచి గెంటేస్తారు."

"నేను గ్రూపుని కాదు, పెళ్ళాన్ని. సాయంత్రానికి కావాలి. మా నాన్న గొంతు గనక పోయిందో..." అని, మిగతాది ఊహకి వదిలేసి బేకరీకి వెళ్ళిపోయింది.

ఆయన జాగ్రత్తపరుడే. ముందుగా అన్నీ బ్యాకప్ తీశాడు. ఆ తర్వాత ఫోను తాళం తియ్యాలి, అంటే బూట్‌లోడరు అన్‌లాక్ చెయ్యాలి. తెర మీద హెచ్చరిక వచ్చింది. వందసార్లు చూసిన హెచ్చరికని ఎవరు చదువుతారు? నొక్కేశాడు. అదేమో తాళం తీస్తే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుందన్న హెచ్చరిక. బ్యాకప్ దాచిందేమో ఆ ఫోను కడుపులోనే.

కంప్యూటరంతా గాలించాడు. ఇంకెక్కడైనా కాపీ ఉంటుందా అంటే, "మన సంగతులు పరాయి కంప్యూటర్లకెందుకు?" అని ఆన్‌లైన్ బ్యాకప్ ఆపించింది కూడా ఈయనే. గ్రూపులో అడిగితే తుడుచుకుపోయింది ఇక రాదన్నారు, ఒకడైతే ఏడుపు బొమ్మ కూడా పెట్టాడు.

భార్య తిట్లకి ఆయన భయపడలేదు, అవి అలవాటే. ఆవిడ తిట్టకుండా ఊరుకుంటేనో? ఆ ఊహకే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. మామగారిని తల్చుకున్నాడు. బతికుండగా ఆయన్ని ఎంత ఆటపట్టించేవాడు! ఆ అరుపునే కాజేసి తన ఫోను తెరుచుకునే శబ్దంగా పెడితే, "అల్లుడుగారూ, నా గొంతుకి అద్దె కట్టండి" అని పెద్దాయన పగలబడి...

ఒక్క ఉదుటున లేచి డ్రాయరు మొత్తం నేల మీద బోర్లించాడు. ఆ ముద్దుల ఫోనుకి బ్యాటరీ తగిలించాడు, ఛార్జరు గుచ్చాడు. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత బొమ్మ వెలిగింది.

"ఒసే చిట్టీ! ఫోను మోగుతోంది, చెవులెక్కడ పెట్టుకున్నావే! ఎత్తు ముందు!" దగ్గు. తెర ఆరిపోయింది, మళ్ళీ వెలిగింది. "ఒసే చిట్టీ!"

బూట్‌లూప్‌ని చూసి అంత సంతోషించిన మనిషి ఆ గ్రూపు మొత్తంలో లేడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో భార్య. "ఎత్తుతున్నా, ఎత్తుతున్నా" అంటూ అలవాటుగా సంచీలో చెయ్యి పెట్టి వెతుక్కుంది. ఫోను సంచీలో లేదని గుర్తొచ్చి ఆగిపోయింది. నాన్న మళ్ళీ అరిచాడు. ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా వచ్చి, ఇటుకల మధ్య చతికిలబడింది.

ఆయన నీళ్ళు నములుతూ జరిగిందంతా చెప్పాడు. "తప్పంతా నాదే. ఈ గొంతు రికార్డు చేసి నీ ఫోనులో పెట్టేస్తాను. ఆ తర్వాత ఈ పాత ఫోను కూడా బాగుచేసి..."

ఆవిడ ఆ ఫోనును చటుక్కున ఒళ్ళోకి లాక్కుంది. ఓ పక్క నవ్వుతోంది, ఓ పక్క ముక్కు తుడుచుకుంటోంది.

"దీని జోలికొస్తే ఊరుకోను" అంది. "ఎప్పటికి బాగవుతుందని నేను చచ్చినా అడగను."