సబ్బు పట్టిన దాక

నాకు అక్షరాలు వచ్చి రెండేళ్లయింది. అంతకు ముందు రాయలేకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. మా నాన్న శ్రీకాకుళం పక్క నుంచి భిలాయి ప్లాంటులో కాంట్రాక్టు పనికి వచ్చేటప్పటికి నాకు ఆరేళ్లు. ఇక్కడి బడిలో అంతా హిందీ. నాకు ఒక్క ముక్క రాదు. వారం రోజులు వెనక బెంచీ మీద కూర్చుని, ఆ తర్వాత వెళ్లనన్నాను. వెళ్లి తీరాలని ఎవరూ అనలేదు. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకునే మనిషి కావాలి. తర్వాత పెళ్లి, పిల్లాడు, అత్త మంచాన పడటం. రేషను దగ్గర వేలిముద్ర, బ్యాంకులో వేలిముద్ర. బొటనవేలి సిరా మరకను చీర కుచ్చిళ్లకు తుడుచుకోవడం అలవాటైపోయింది.

యాభై ఎనిమిదో ఏట మా చర్చి పాస్టరమ్మగారు శనివారం మధ్యాహ్నాలు మా వయసు ఆడవాళ్లను కూర్చోబెట్టి పలకా బలపం చేతికిచ్చారు. పాటల పుస్తకం చూసి పాడుకుంటే చాలనుకుని వెళ్లాను. ఈ మధ్య ఆవిడ, మీ ఇంట్లో జరిగింది ఏదైనా ఒకటి ఉన్నదున్నట్టు రాసుకు రండి అన్నారు. మిగతావాళ్లు దేవుడు తమకు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు రాశారు. నేను పంది మాంసం కూర గురించి రాశాను. రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

మాకొక దాక ఉంది. వెడల్పు మూతి, గుండ్రని అడుగు, లోపల నల్లగా మెరిసే మట్టి. నేను కాపురానికి వచ్చిన ఏడాది మా అత్త దాన్ని విజయనగరం నుంచి భిలాయి పక్కనున్న దుర్గ్ దాకా రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. దారిలో ఎవరెంత చెప్పినా కింద పెట్టలేదట. అందులో పంది మాంసం తప్ప ఇంకేమీ వండకూడదు. అది వంటింట్లోకి రాకూడదు. ప్లాంటు క్వార్టర్లో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు, మంచినీళ్లు తాగేవారు. ఆ దాక లోపలికి వచ్చిందంటే ఆ నీళ్లు ముట్టరు. అందుకని పెరట్లో మూడు ఇటుకల పొయ్యి, దానికి వేరే కొబ్బరిచిప్ప గరిటె, వంట అయ్యాక దాక వెనక గోడ మీద బోర్లా. మాంసం కూడా మా ఆయన స్టీలు క్యాన్‌లో పాలు తెచ్చినట్టు తెచ్చేవాడు. ఆయన రిటైరై క్వార్టరు వదిలి, వైశాలి నగర్ వెనక సందులో రెండు గదులు వేసుకున్నాక కూడా మేము అలాగే ఉన్నాం.

అత్త నాకు ఏదీ చెప్పి నేర్పలేదు. ఆవిడ పొయ్యి ముందు కూర్చుంటే నేను వెనక నిలబడి భుజం మీదుగా చూసేదాన్ని. నూనె చుక్క వెయ్యదు. కొవ్వు ముక్కలు ముందు వేసి సన్నని సెగ మీద కరగనిస్తుంది. ఆ కొవ్వులోనే ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, పసుపు పట్టించిన ముక్కలు. పైన మూకుడు వెల్లకిలా పెట్టి అందులో నీళ్లు పోస్తుంది. కూరకు నీళ్లు కావలసి వస్తే ఆ మూకుట్లో కాగిన నీళ్లే పోయాలి, చన్నీళ్లు తగిలితే దాక పగులుతుంది. దించే ముందు నలిపిన చింతచిగురు. కడగడానికి వేడినీళ్లు, గుప్పెడు తవుడు, కొబ్బరి పీచు. అంతే.

మా కోడలు దుర్గ్ అవతలి ఊరి పిల్ల, ఛత్తీస్‌గఢీ వాళ్లు. ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకి చెప్తుంది. మా వాడూ ఆమే ఇష్టపడి చేసుకున్నారు. వాళ్లింట్లో కోడి తింటారు, చేప తింటారు, పంది మాత్రం తినరు. నేను పెరట్లో దాక ఎక్కించిన రోజు ఆమె చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధి గుమ్మం మెట్ల మీద కూర్చునేది. ఒక్క మాట అనేది కాదు. అంటే బాగుండేది. పెళ్లయిన ఏడు నెలల్లో ఆమె ఆ గోడ దగ్గరికి వెళ్లడం నేను చూడలేదు.

ఈస్టరుకు ముందు నలభై రోజులు మా ఇంట్లో మాంసం ముట్టం. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మా వాడు నా పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నాడు.

"అమ్మా, తనకి ఆ వాసన పడదు. చెప్పదు, అంతే. స్మృతి నగర్‌లో ఒక రూమ్ చూసినాను. ఈస్టర్ అయిపోనాక తాళం తీసుకుంటాం."

ఉన్నది ఒక్క కొడుకు. వాడు వెళ్లేది మూడు నాలుగు కిలోమీటర్లే, అది నాకూ తెలుసు. కానీ ఆ పిల్ల పొద్దున్నే బడికి వెళ్తూ గుమ్మంలో నిలబడి, "మమ్మీజీ, వెళ్లి వస్తా" అని మన భాషలో అనడం నాకు అలవాటైంది. ఆ మాట తనంతట తనే నేర్చుకుంది. వాళ్లు వెళ్లకూడదని నాకు గట్టిగా ఉంది. అందుకని ఒకటి నిర్ణయించుకుని మా ఆయనతో చెప్పాను: ఈ ఈస్టరుకు ఆఖరుసారి వండుతాను, తర్వాత దాకను ఎవరికైనా ఇచ్చేస్తాను.

 ఆయన, "దాకనొగ్గీసి కోడల్ని ఉంచుకుంటావేటి? దాక పోయి, కోడలూ పోతే అప్పుడేటి చేస్తావు?" అన్నాడు.

"అప్పుడు మిమ్మల్ని ఉంచుకుంటాను, ఏటి చేస్తాను."

"నన్ను గోడ మీద బోర్లించీకు," అన్నాడు.

పండగ ముందు శనివారం నేను చర్చి ఊడ్చి పూలు కట్టడానికి వెళ్లి సాయంత్రానికి వచ్చాను. ఆదివారం తెల్లవారకుండానే అందరం ఆరాధనకు వెళ్లాం, కోడలు కూడా వచ్చింది. తిరిగి వచ్చేటప్పటికి ఎండ చురుక్కుమంటోంది. మా ఆయన క్యాన్ తెచ్చి పెట్టాడు. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి నీడలో పెట్టి, దాకను పొయ్యి మీదికి ఎక్కించి కాసిని నీళ్లు పోశాను. చాలా రోజులు ఖాళీగా ఉన్న దాకను ముందు నీళ్లతో వేడెక్కించాలి.

నీళ్లు మరగలేదు, నురగ లేచింది. తెల్లగా, పాలు పొంగినట్టు అంచు దాకా వచ్చింది. నిమ్మకాయ వాసన. అంట్లు తోముకునే సబ్బు నీళ్ల వాసన.

పారబోసి మళ్లీ వేడినీళ్లు పోశాను. మళ్లీ నురగ. మూడోసారీ అంతే. తలెత్తి చూస్తే కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"దీన్ని ముట్టుకున్నావేటి?" అన్నాను.

"హా మమ్మీజీ. నేనే కడిగిన. తీన్ బార్." మూడుసార్లట. ఆమె నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

శనివారం నేను లేనప్పుడు సబ్బు నీళ్లు పోసి, స్క్రబ్బరుతో తోమి, నిండా నురగ నీళ్లు పోసి సాయంత్రం దాకా నానబెట్టిందట. నలభై ఏళ్ల కొవ్వూ కారమూ తాగిన మట్టి అది. సబ్బు కూడా అలాగే తాగింది.

నాకు కళ్లు తిరిగినంత కోపం వచ్చింది. "మేం తిన్న వాసన పోవాలని కడిగినావా?" అన్నాను. తెలుగులోనే గబగబా అన్నాను, అర్థం కాదులే అనుకుని. అర్థమైంది.

ఆమె హిందీలో చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను. "దుమ్ము పట్టి ఉంది మమ్మీజీ. మీరు వచ్చేలోపు కడిగి పెడదామనుకున్నాను. దాన్ని ముట్టుకోగలనో లేదో చూసుకుందామని కూడా. ముట్టుకున్నాను. నాకేమీ కాలేదు. అది మీకు చెబుదామని నిన్నటి నుంచి చూస్తున్నాను."

 సబ్బు పెట్టకూడదని ఆమెకు ఎప్పుడు చెప్పాను గనక? ఆమె ముక్కుకు కష్టమని, నేనే ఆ దాకను ఆమె కంటపడకుండా దాచుకుంటూ వచ్చాను. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. పొయ్యిలో పుల్లలు సర్దుతూ కూర్చున్నాను. కాసేపటికి వీధిలో స్కూటీ చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే ఆమె లేదు. ఫోను మంచం మీదే ఉంది.

మా వాడు ఎక్కడెక్కడికో ఫోన్లు చేశాడు. కోడలి వాళ్లమ్మ ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. నావైపు ఒకసారి చూసి మళ్లీ నంబరు నొక్కాడు. పండగ పూట మాటన్నానని, పుట్టింటికి వెళ్లిపోయిందని అనుకున్నాను. స్మృతి నగర్ కూడా కాదు, ఇంకా దూరం. మా ఆయన మాంసం గిన్నె మీద తడిగుడ్డ కప్పి, "కుక్కర్లో పెట్టీనా?" అన్నాడు. వద్దన్నాను. "సరే. నలభై రోజులాగినోణ్ని, నాలుగు గంటలాగలేనా," అని గిన్నె పక్కనే పీట వేసుకుని కాకుల్ని తోలుతూ కూర్చున్నాడు.

గంటన్నర దాటాక స్కూటీ వచ్చింది. కోడలు వెనకాల వాళ్లమ్మ. పెళ్లయ్యాక ఆవిడ మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. రెండు చేతులతో ఒళ్లో ఒక మట్టి కుండ పట్టుకుని ఉంది. అడుగు మసి కొట్టుకుపోయి ఉంది. వాళ్లింట్లో పప్పు వండుకునే కుండ అది.

 ఆవిడ దిగి కుండను నా చేతుల్లో పెట్టి, హిందీలో, "ఇది తిరిగి పంపకు, సమధిన్," అంది. వాళ్లు వియ్యపురాల్ని సమధిన్ అంటారు.

పంది మాంసం పడిన కుండ వాళ్ల వంటింటికి మళ్లీ వెళ్లదు. అది ఆవిడకు తెలుసు. తెలిసే తెచ్చింది. నేను కుండను చేతుల్లోనే పట్టుకుని నిలబడిపోతే మా ఆయన, "దింపీ, పట్టుకునే నిలబడితే ఉడకదు," అన్నాడు.

వాళ్లమ్మ పెరట్లో జామచెట్టు నీడన, పొయ్యికి దూరంగా, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. కూతుర్ని తిడుతూనే ఉంది. మట్టికి బూడిద పెట్టాలి గానీ సబ్బు పెడతారా, నీకు బుద్ధి లేదా అని. కోడలు కూడా తగ్గలేదు. "నువ్వెప్పుడు చూపించావు? పొయ్యి దగ్గరికి వస్తే చదువుకోమని తరిమేదానివి," అంది. ఆ మాటకు ఆవిడ నావైపు చూసింది. నేను పుల్లలవైపు చూశాను.

కొవ్వు కరగడం మొదలైంది. నేను ఎప్పటిలాగే రెండు పుల్లలు ముందుకు తోశాను. దూరం నుంచి ఆవిడ చెయ్యూపింది, మంట ఎక్కువని. ఇంత మంట మా దాక ఆగుతుందని నేను అన్నాను. మీ దాక ఆగుతుందేమో, నా కుండకు ఎడమ పక్క పలచన అని ఆవిడ. నేను వినలేదు. ఇంకో రెండు నిమిషాలకు ఆవిడే లేచి వచ్చి, నా పక్కన గొంతుక్కూర్చుని, ఒక పుల్ల వెనక్కి లాగి, కుండను గుడ్డతో పట్టి కాస్త తిప్పింది. కొంగు ముక్కు మీద నుంచి జారిపోయింది. మళ్లీ పెట్టుకోలేదు. తినని కూరకు ఆవిడ అంత కాపలా కాస్తుంటే మా ఆయన గోడ దగ్గర నిలబడి నవ్వాపుకుంటున్నాడు. కోడలు మూకుట్లో నీళ్లు తగ్గినప్పుడల్లా తెచ్చి పోసింది. ఎందుకు పోయాలో ఆ రోజు మొదటిసారి నోటితో చెప్పాను. చెప్తుంటే అంత చిన్న సంగతిని ఇన్నేళ్లు ఎందుకు దాచుకున్నానో నాకే తెలియలేదు.

చింతచిగురు వేసి దించేటప్పటికి మధ్యాహ్నం దాటింది. వియ్యపురాలు కూర ముట్టలేదు. విడిగా వండిన పప్పుతో, మా వంటింట్లో కూర్చుని, అన్నం తింది. మా నీళ్లు తాగింది. కోడలు ముక్కలు వద్దంది గానీ చూపుడువేలు పులుసులో ముంచి నాకి, కాస్త ఆలోచించి, "నమక్ కమ్ హై," అంది, ఉప్పు తక్కువని.

మా ఆయన పళ్లెంలోంచి తలెత్తాడు. "నలభై ఏళ్లనుంచి తక్కువే. చెప్పడానికి దమ్ము లేక ఊరుకున్నాను," అన్నాడు. అత్త ఎంత వేస్తే నేనూ అంతే వేస్తున్నాను మరి. నిజంగానే తక్కువే. ఉప్పు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టాను.

తిన్నాక మా వాడు మెల్లగా రూమ్ మాట ఎత్తాడు. సాయంత్రం తాళం తీసుకోవాలని. కోడలు పళ్లేలు తీస్తూ హిందీలోనే అడిగింది: "ఆ రూమ్‌లో పొయ్యి ఎక్కడ పెడతాం?"

వాడికి అర్థం కాలేదు. నాకైంది. లేచి పెరట్లోకి వెళ్లి కాసేపు పొయ్యి ముందు నిలబడ్డాను. వెనకాల కోడలు వాడికి ఏదో చెప్పింది; మా వాడు ఫోనులో ఎవరికో, రూమ్ వద్దండీ, ఇంట్లోనే ఉంటున్నాం అని చెప్పడం వినిపించింది.

మర్నాడు కోడలి బడికి ఈస్టరు సోమవారం సెలవు. ఇద్దరం కలిసి పాత దాకలో గుప్పెడు బియ్యం వేసి గంజి కాచాం. మొదటిసారి నురగ వచ్చింది, పారబోశాం. రెండోసారి తక్కువ వచ్చింది. మట్టి తాగిన సబ్బును గంజి లాగుతుంది, కానీ వారం పైన పడుతుంది, రోజూ కాయాలి అని చెప్పాను. పాస్టరమ్మగారి దగ్గర అక్షరాలు దిద్దుకునే నా నోటుపుస్తకం పీట మీద ఉంది. ఆమె దాన్ని తీసి తిరగేసింది. తెలుగు ఆమెకు రాదు. వెనక్కి తిప్పి, ఆఖరి పేజీ తెరిచి, పెన్ను పట్టుకుని, "బోలియే మమ్మీజీ," అంది. చెప్పండి అని.

నేను పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చెప్పాను. ఆమె హిందీలో రాసుకుంది. సబ్బు వద్దు. చన్నీళ్లు వద్దు. ఎడమ పక్క పలచన అనేది ఆ కుండకు, ఈ దాకకు కాదు. ఉప్పు అత్త వేసినదాని కంటే చిటికెడు ఎక్కువ.