అంచు ఉప్పు

నౌపడ జంక్షన్‌లో దిగి గుణుపూరు బండి కోసం కూర్చుంటే సముద్రం కనబడదు గానీ, ఉప్పు నాలుకకు తగులుతుంది. ఒకప్పుడు ఆ లైను మీద బొమ్మలాంటి చిన్న రైలు నడిచేది. దాని కథ వేరు. ఇది ఉప్పుమడుల నూకయ్య కూతురు సుహాసిని సంగతి. గుణుపూరు బండి రాని ఒక పూట బల్ల మీద పక్కన కూర్చుని ఆమే చెప్పింది.

ఆమె ఇంటి దగ్గరే లాప్‌టాప్ పెట్టుకుని గెలాక్సీల మీద పరిశోధన చేస్తుంది. మన పాలపుంతకు కాస్త దూరంలో మరుగుజ్జు గెలాక్సీలున్నాయి. వాటిలో కొన్నింటికి ఉన్నట్టుండి పూనకం వస్తుంది. ఉన్న వాయువునంతా ఎడాపెడా నక్షత్రాలు చేసేస్తాయి. ఆమె తీసుకున్న గెలాక్సీకి ఆ పూనకం ఇదే మొదటిసారా, ముందూ వచ్చిందా? జవాబు నక్షత్రాల రంగులో ఉంటుంది. పెద్ద నీలివి కుర్రవి, మసక ఎర్రవి ముసలివి.

ఆమె లెక్కలో ముసలివి దాదాపు లేవు. అంటే ఆ గెలాక్సీకి గతమే లేదు. అలాంటిది దొరకడం బహు అరుదు. గైడు దత్తాత్రేయగారు మురిసిపోయి, సోమవారం సభలో నువ్వే చెప్పాలన్నారు. ఇన్నేళ్ల చదువుకు అదే తొలి పంట.

అప్పుడే చప్పుడు మొదలైంది. దీపాలు పెట్టే వేళ, పెరటి అవతల, చెక్కపలకతో ఉప్పు లాగుతున్న చప్పుడు. అక్కడున్నది వాళ్ల మడే, కానీ బీడు. కొన్నేళ్ల కిందటి తుపాను నాడు గట్టు చూడబోయిన నూకయ్య, నీళ్లు తీశాక ఆ మడి అంచు బురదలోనే శవమై దొరికాడు. మళ్లీ ఎవరూ అక్కడ ఉప్పు పండించలేదు. సుహాసిని అటు చూడను కూడా చూడలేదు.

"అమ్మా, నీకేటైనా వినబడతన్నాదా?"

"మీ నాయిన పలక. రోజూ వినబడతాది," అంది బుల్లమ్మ, చింతపండు పిసుకుతూ. "నీకు ఇన్నాళ్లకా? ఆ డబ్బాలో తల పెట్టీసి కూకుంటే ఏటి వినబడతాది." చేతులు తుడుచుకుని తెర మీది గెలాక్సీ బొమ్మ మీదికి వంగింది. "దీని సుట్టూ ఇంకేటీ నేదేటే?"

"ఉన్నాయి. కోసీసినాను. అంచులన్నీ మసక సుక్కలే, ఏది నక్షత్రమో ఏది వెనకాల సెత్తో తెలీదు. నాయిన సెప్పీవోడు కదా, మడి అంచు ఉప్పు రాశిలో కలపకండి, బురదా అని."

"రాశిలో కలపొద్దన్నాడు. పారబొయ్యమన్నాడేటే? అమ్మకానికి పనికిరాదని బుట్టలో ఎత్తి ఇంటికి తెచ్చీవోడు. నువ్వు పుట్టినకాడి నుంచి తిన్నదదే."

సుహాసిని కోసేసిన అంచులు మళ్లీ తెరిచింది. చెత్తను ఏరుతూ ఏరుతూ ఆదివారం దాకా కూర్చుంటే ఎర్రవి బయటపడ్డాయి, బోలెడు. ఆ గెలాక్సీకి వందల కోట్ల ఏళ్ల కిందటా పూనకం వచ్చింది, తరువాతా వచ్చింది. గతమంతా అంచునే ఉంది.

గైడుకు ఫోన్ చేసింది. "తప్పు చేశానండి. ఇది మొదటిసారి కాదు."

"అయితే అరుదైనది కాస్తా మామూలైపోయిందన్నమాట."

"అవునండి."

"సరే. ఆ మామూలుదే చెప్పు."

ఫోన్ పెట్టేశాక ఆమెకు ఇంకోటి తట్టింది. అక్కడి వెలుగు మన దాకా రావడానికి కోటి ఏళ్లకు పైనే పడుతుంది. నడుమ ధగధగలాడుతున్న ఆ పెద్ద నీలివి అంతకాలం బతకవు. చిత్రంలో వెలుగుతున్నాయే గానీ, ఈపాటికి అవి లేవు. ఉన్నవి అంచున ఉన్న ముసలివే.

దీపాలు పెట్టే వేళయింది. సుహాసిని అటక మీద నుంచి బుట్ట దించి పెరటి గడప దాటింది.

"ఎక్కడికే?" అంది బుల్లమ్మ.

"ఉప్పుకి."

బీడు మడి అంచున, నూకయ్య దొరికిన చోట, తనంతట తాను పేరుకున్న ఉప్పు బురదలో తెల్లగా మెరుస్తోంది. ఆమె వంగి ఎత్తడం మొదలుపెట్టింది. పలక చప్పుడు ఆగలేదు. ఆమెకు బారెడు దూరంలో, ఆమెతో పాటే, మెల్లగా గట్టు వెంట నడిచింది.