పారబోసే కాఫీలు

మా సనిటా పేటలో అనియెల్లో అంత మొండివాడు లేడు. నేపుల్స్ కాఫీ కొట్లలో పిడి లాగి కాఫీ తీసే లీవరు యంత్రాలు బాగుచెయ్యడం అతని పని. భార్య టిటినా మా వీధి మలుపు కొట్టులో ఆ లీవర్లు లాగి లాగి జుట్టు నెరిసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఆమె నాలుగో అంతస్తు దిగడం మానేసింది. వాళ్ళ గుమ్మానికి ఎదురు గుమ్మం మాది. ఒకప్పుడు గోడలదిరేలా పోట్లాడుకునే ఆ ఇంట్లో మాట వినపడక నాకు పిచ్చెక్కేది.

"ఎడంచేత్తో లాగొచ్చుగా వదినా" అన్నాను ఒకసారి.

"ఎడంచేత్తో పోసిన కాఫీ ఎవడు తాగుతాడు, నీ మొగుడా?" అంది.

అనియెల్లో పట్టుపట్టింది అప్పుడే. ఇంట్లో వాడుకునే చిన్న యంత్రం ఒకటి తయారుచేస్తానని. కరెంటు లేదు, మోటారు లేదు, కొట్టు యంత్రాల్లో ఉండే గట్టి స్ప్రింగు కూడా తీసేశాడు. పిడి ఎత్తితే వేడినీళ్ళు దిగాలి, దించితే పిస్టన్ ఆ నీళ్ళని కాఫీపొడిలోంచి నెట్టాలి. ఆమె తన కాఫీ తన కుడిచేత్తో తీసుకోవాలి. అదొక్కటి జరిగితే మనిషి మళ్ళీ మనిషవుతుందని అతని నమ్మకం.

అదేమైనా చెప్పినంత తేలికా? పిడి పొడుగు చేస్తే బరువు తగ్గింది గాని, ఆమె భుజం అంత ఎత్తు లేవలేదు. పొట్టి చేస్తే భుజం అందుకుంది గాని, పిడి దిగలేదు. పిస్టన్ సన్నం చేస్తే పిడి దిగాల్సిన దూరం మళ్ళీ పెరిగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చలికాలమంతా వంటింటి బల్ల మీద ఇనప ముక్కలే.

"అది దేవుడు వేసిన లెక్క అన్నయ్యా, నీ ఆకురాయికి అరగదు" అన్నాను. అతను ఆకురాయి ఆపలేదు.

చివరికి ఒకటి తయారైంది. కొత్త యంత్రంలో మొదటి కాఫీలు మావాళ్ళు తాగరు. ఇనప వాసన పోయేదాకా తీసి పారబోస్తారు. పారబోసేదానికి మంచి పొడి దండగని అనియెల్లో డబ్బా అడుగునున్న ముతక పొడి వేశాడు. ముతక పొడిలోంచి నీళ్ళు ఊరికే జారిపోతాయి. టిటినా కుడిచెయ్యి వేసి పిడి దించింది. అది కిందిదాకా దిగింది.

ఆమె నవ్వింది. "ఇంకోటి పెట్టు" అంది. ఆ వారమంతా తీస్తూనే ఉంది, పారబోస్తూనే ఉంది. మెట్ల మీదకొచ్చి కింది అంతస్తులకి వినపడేలా "నా చెయ్యొచ్చింది" అని చాటింది. ఈస్టరు తర్వాత పనిలోకి వస్తానని కొట్టు యజమానికి కబురు కూడా పంపింది. అనియెల్లో మాత్రం రోజురోజుకీ వాడిపోయాడు. సంతోషపడటం కూడా చేతకాని మనిషని విసుక్కున్నాను.

ఆదివారం, తాగే కాఫీకి నన్ను పిలిచారు. కప్పులు మరిగే నీళ్ళలో కాగుతున్నాయి. అనియెల్లో పొడి వేశాడు, ఆమె పిడి దించింది. పల్చటి గోధుమరంగు నీళ్ళు గబగబా వచ్చాయి, పైన నురగ లేదు. నేనొక గుక్క మింగి కప్పు కింద పెట్టాను. కాఫీ విషయంలో అబద్ధమాడే అలవాటు మా వీధిలో లేదు.

టిటినా కూడా రుచి చూసింది. "ఇది ముతక పొడి. సన్నగా ఆడించు" అంది.

"ఇవాళ్టికి చాల్లేవే."

"ఆడించమన్నాను."

ఆడించాడు. ఆమె పిడి పట్టుకుంది. సగం దిగి ఆగిపోయింది. కుర్చీలోంచి లేచి ఒళ్ళంతా దాని మీద వాల్చింది. కప్పులో నాలుగు నల్లటి చుక్కలు పడ్డాయి. తర్వాత వేళ్ళు జారిపోయాయి.

"వారమంతా ఆ ముతకదేనా?" అని అడిగింది.

"మొదటిరోజు పారబోసేదే కదా అని వేశాను. తర్వాత నీకోసం వేశాను."

"నేను మెట్ల మీదకెళ్ళి ఊరంతా చాటుతుంటే చూస్తూ ఎలా ఊరుకున్నావయ్యా?"

"నవ్వుతున్నావు కదే. ఎలా ఆపను?"

ఆమె ఏడవలేదు. కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని నావైపు తిరిగింది.

"వదినా, కిందికి దిగినప్పుడు కొట్టులో చెప్పు, నేనింక రానని."