మర్యాదస్తుడికి తెరిచిన తలుపు

మా వీధి మలుపులో తాళాలు బాగుచేసే ఆయనకు అద్దె పుస్తకాల్లోని దొంగ ఒకడు ఆరాధ్యదైవం. ఆ దొంగ తెల్లని చేతితొడుగులు వేసుకుంటాడు. నిద్రపోతున్న ఇంటావిడకు దుప్పటి సరిచేసిన తరువాతనే ఇనప్పెట్టె ముట్టుకుంటాడు. పేదవాడి గడప తొక్కడు.

"నేను పిలిస్తే పలకడానికి మీకు పావుగంట పడుతుంది. మీ దొంగ నయం, దుప్పటైనా కప్పుతాడు!" అనేది భార్య.

"వాడికింకా పెళ్ళి కాలేదే!" అని ఆయన జవాబు.

తలుపు తెరిచే ముందు పక్కింటివారిని పిలిచి, ఇల్లు ఎవరిదో నిర్ధారించుకోవడం ఆయన నియమం. ఆయన మీద ఊరికున్న నమ్మకమంతా దాని మీదే నిలిచింది. ఒక మధ్యాహ్నం ఆ నియమం తప్పింది.

తాళం తీయాలని కబురొస్తే వెళ్ళాడు. మేడమీది వాటా ముందు ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు.

"ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్ళు తాగండి. తాళంచెవి ఎక్కడో పారేసుకుని మీకు శ్రమ ఇస్తున్నాను" అన్నాడు.

అంతటివాణ్ణి అనుమానించి పక్క తలుపు తట్టడం తాళాలాయనకు అమర్యాదగా తోచింది. తాళం తీసి, పొంగిపోతూ అన్నాడు:

"ఏమీ అనుకోకండి బాబూ, మా పుస్తకంలో దొంగ సరిగ్గా మీలాగే మాట్లాడతాడు!"

పెద్దమనిషి ముఖం పాలిపోయింది. "ఏ... ఏ దొంగ?"

"తలుపు తీయించుకుని దర్జాగా లోపలికి పోతాడే, వాడు!"

పెద్దమనిషి ఆయనను గోడకేసి నెట్టి మెట్లు దూకాడు. ఒక బూటు మెట్ల మీదే ఉండిపోయింది.

అంతలో ఆ వాటాలో ఉండే నర్సు ఆసుపత్రి నుంచి వచ్చింది.

"మా తలుపెవరు తీశారు?"

"నేనేనమ్మా. దొంగకి."

"దొంగకా! ఉండు, పోలీసుల్ని పిలుస్తాను. ఇకమీదట నిన్నెవరు గడప తొక్కనిస్తారో చూస్తాను."

ఆ మాట వీధిలో పడితే దుకాణం మూసుకోవలసిందే.

ఎదురు వాటా తలుపు కొంచెం తెరుచుకుని, ముసలావిడ తల బయటపెట్టింది.

"అతన్నేమీ అనకే అమ్మాయ్. తలుపు సందులోంచి అంతా చూశాను."

"చూసి ఊరుకున్నారా పిన్నిగారూ?"

"నీ కోసం వచ్చిన పెళ్ళికొడుకేమో అనుకున్నానే! ఎంత ముద్దుగా మాట్లాడాడు!"

నర్సు నవ్వు బిగబట్టి, లోపల అన్నీ చూసుకుని వచ్చింది. ఏదీ పోలేదు.

"తప్పు నాదేనమ్మా. కొత్త తాళం నేనే తెచ్చి బిగిస్తాను."

"బిగించు. కానీ ఈ పూటకి నాకు మర్యాదలు వద్దు. ఆ దొంగ మర్యాద సంగతి విన్నాక భయం పట్టుకుంది."

తాళాలాయన ఒక క్షణం తటపటాయించి, గొంతు సవరించుకున్నాడు.

"అయితే అలా గుడ్లప్పగించి చూస్తావేం? ఆ స్టూలిటు పట్రా!"

ఆమె తెచ్చి వేసి, ఆయనను ఇంట్లో ఒంటరిగా వదిలి, టీ పెట్టడానికి వెళ్ళింది.