పొడికీ చోటు కావాలన్న మా ట్యూటరమ్మ

మరణవార్తను పాఠకులకు తెలియజేసేటప్పుడు పాటించవలసిన పద్ధతి ఒకటి ఉన్నది. ముందుగా వార్త ధ్రువపడాలి. ధ్రువపడిన వార్తను బాధ్యత గల వ్యక్తి, తొట్రుపాటు లేని వాక్యాలలో, ఎవరినీ నొప్పించకుండా తెలియజేయాలి. పోయినవారి సుగుణాలను తగు మోతాదులో స్మరించి, సంస్థ పట్ల వారికి గల అనురాగాన్ని ప్రస్తావించి, సంస్థ అధ్యక్షులవారి ఉదారతతో ముగించాలి. మా నర్సింగ్ పాఠశాల కమిటీ కార్యదర్శిగా ఈ పద్ధతి నాకు బాగా తెలుసు. ఇందులో మొదటి అంశాన్ని మాత్రమే పాటించగలనని విన్నవించుకుంటున్నాను. వార్త ధ్రువపడింది. కర్నూలులో మా తరాలన్నిటికీ మందు కలపడం నేర్పిన ట్యూటరమ్మ, కడపలో తన చెల్లెలి ఇంట, ఆదివారం ఉదయం ఆరాధనకు చీర కట్టుకుని కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్లిపోయారు.

ఆమె దగ్గర చదువుకుని, ఆమె పక్కనే ఉద్యోగంలో చేరినవాణ్ణి నేను. కాబట్టి ఆమె ఏం నేర్పేవారో ముందు చెప్పాలి. పిల్లలకిచ్చే మందులు కొన్ని పొడిగా వస్తాయి. వాడే ముందు నీళ్లు పోసి కలపాలి. ఎన్ని నీళ్లు పోయాలన్నది సీసాతో వచ్చే కాగితం మీద ఉంటుంది. ఒక రకం సూదిమందుకు తొమ్మిది పాయింట్ ఆరు మిల్లీలీటర్లు పోయమని రాసి ఉంటుంది. పోస్తే మొత్తం పది అవుతుంది. మిగతా ఆ కాస్త చోటూ పొడిది. అది లెక్కలోకి తీసుకోకుండా పది పోసి, అందులో సగం తీసి బిడ్డకు పొడిస్తే, బిడ్డకు అందేది సగం మందు కాదు, అంతకన్నా తక్కువ. కొన్ని పొడులు ఇంకా ఎక్కువ చోటు తీసుకుంటాయి. విషయం ఇంతే. ఇందులో తత్వం లేదు, రాజకీయం లేదు. రెండూ తర్వాత వచ్చి చేరాయి.

మొదటి క్లాసులో ఆమె నల్లబల్ల జోలికి వెళ్లేవారు కాదు. మాలో ఎవరో ఒకరిని లేపి, నిండుగా ఉన్న బెంచీ చూపించి, "పో, ఆడ కూర్చో" అనేవారు. ఓర్వకల్లు బస్సులో రోజూ నిలబడి వచ్చే నన్ను ఆ రోజు లేపారు. నేను వెళ్లి ఇరుక్కోబోతే చివరివాడు కింద పడ్డాడు.

"ఏమప్పా, పడితివే?" అని వాణ్ణి అడిగారు.

"జాగా లేదు మేడం."

ఆమె నావైపు తిరిగారు. "నువ్వు నీళ్లు. వాడు పొడి. పొడి గూడ కూర్చోవాల గదప్పా, దానికి యాడుండాది జాగా? ముందే చూసుకోని పోయాల."

తర్వాత వార్డుకు తీసుకెళ్లారు. పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, జ్వరం తగ్గని బిడ్డతో కూర్చుని ఉంది. ఆమె చేతిలో పొడి కలిపి తాగించే మందు సీసా. నీళ్లు ఎక్కడిదాకా పోయాలో సీసా మీద గీత ఉంది. ఆమె మూతిదాకా పోసింది.

"గీత దాటించినావే తల్లీ," అన్నారు ట్యూటరమ్మ.

"ఇద్దురు బిడ్డలకూ జరమే గదమ్మా. ఇంకో రవ్వ నీళ్లు పోస్తే ఇద్దురికీ వస్తాదని పోసినా. మజ్జిగ గూడ అట్లనే గదా చేస్తాము, సుట్టాలొస్తే."

ఆమెను మందలిస్తారేమో అనుకున్నాం. ట్యూటరమ్మ ఆ బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి, కొత్త సీసాలు రెండు తెప్పించి, పొడి గడ్డకట్టకుండా తట్టి, సగం నీళ్లు పోసి ఊపి, మళ్లీ గీతదాకా పోసి చూపించారు. ఆ తల్లి చేతనే రెండోది చేయించారు. బయటికి వచ్చాక మావైపు తిరిగారు.

"ఆయమ్మ కరువుకు పోసింది. ఏ బిడ్డను వదలాల తెలీక పోసింది. మీరు సదువుకోనొచ్చి పోస్తే మాత్రం నా చేతిలో అయిపోతారు."

ఇలా సాగుతున్న రోజుల్లో మా అధ్యక్షులవారు ఒక గైడు రచించారు. మందుల లెక్కలకు సంబంధించిన ఆ గైడును పాఠశాల విద్యార్థులందరూ కొని తీరాలి. అందులో పొడిమందు అధ్యాయం ఒకే వాక్యం: పది పోసిన పది అగును. పిల్లలు గైడు ప్రకారం ప్రాక్టికల్ పరీక్షలో పది పోశారు. ట్యూటరమ్మ గైడు చదివినవాళ్లందరినీ ఫెయిలు చేశారు.

ఆమె మీద విచారణకు కమిటీ కూర్చుంది. అప్పట్లో నాకు ఓటు లేదు. కుర్చీలు సర్దే హోదా మాత్రమే ఉండేది. అధ్యక్షులవారు ఆ రోజు ఇచ్చిన శాస్త్రీయ వివరణ మా మినిట్స్‌లో నేటికీ భద్రంగా ఉంది. "తెల్లగా, మెత్తగా ఉండే పొడి. నీళ్లలో ఏస్తే కనపడకుండా పోతాది. కనపడనిదానికి చోటు యాడిది?"

"మీ కోపం గూడ కనపడదయ్యా," అన్నారు ట్యూటరమ్మ. "ఈ గదంతా అదే ఉండాది."

చేతులెత్తించారు. ఈ ప్రాంగణ పరిధిలో పొడికి ఘనపరిమాణం లేదని అత్యధిక మెజారిటీతో తీర్మానమైంది. పాఠశాల గేటు బయట పొడి ఎలా ప్రవర్తించినా సంస్థకు సంబంధం లేదు. ట్యూటరమ్మను బోధన నుంచి తప్పించి, దుప్పట్ల గదికీ, కమిటీ అతిథి మర్యాదలకూ బాధ్యురాలిని చేశారు.

ఇక్కడ ఆమె స్వభావం గురించి నిజం చెప్పాలి. ఆమె ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి. ఏ పాటైనా పుస్తకం చూడకుండా పాడేవారు. క్షమించేవారు కాదు. అతిథి మర్యాదలు అప్పగించిన తర్వాతి సమావేశానికే ఆమె నన్నారి షర్బతు తెచ్చారు. గ్లాసులు అంచుదాకా, ఒక్క చుక్క కూడా పట్టనంత నిండుగా నింపి, చెయ్యి వణకకుండా ఒక్కొక్కరి ముందూ పెట్టారు. చక్కెర మాత్రం విడిగా పెట్టారు. అధ్యక్షులవారికి తీపి ఎక్కువ కావాలి. ఆమే చెంచాతో వేశారు. నన్నారి పొంగి, బల్ల మీదుగా వారి తెల్ల పంచె మీదికి చేరింది.

"ఏందమ్మా ఇది?"

"చక్కెర గూడ పొడే గదయ్యా. తీర్మానం ప్రకారం వేస్తి. పొంగగూడదే మరి."

అది మొదలు. ఎండాకాలంలో నన్నారి, చలికాలంలో కాఫీ, ఉపవాస దినాల్లో నిమ్మకాయ నీళ్లు. ఆమె పదవీ విరమణ దాకా ఆ కమిటీలో పొడి బట్టలతో ఇంటికి వెళ్లిన సభ్యుడు లేడు. ఎవరూ ఆమె మీద చర్య తీసుకోలేకపోయారు. తీసుకోవాలంటే గ్లాసు ఎందుకు పొంగిందో రాయాలి. అది రాస్తే తీర్మానం చెల్లదు.

విరమణ రోజున శాలువా తీసుకోలేదు. "శాలువా ఏం చేసుకుందునప్పా. నన్ను దుప్పట్లకు పంపినారు, అది నాకు ఏసిన శిక్ష, నేను పడితి. పొడి మీద ఏసిన తీర్మానం ఎత్తేయమనండి. అది బిడ్డలకు ఏసిన శిక్ష." ఆ తర్వాత నేను కడప వెళ్లి ఆమెను ఎప్పుడు చూసినా, కాళ్లు కడుక్కోకముందే అడిగేవారు.

"ఎత్తేసినారా?"

"ఇంకా లేదమ్మా."

"ఐతే నేనింకా ఉండాల."

తీర్మానం ఉన్నంతకాలం మా ట్యూటర్లు గైడు ప్రకారం పది అని నల్లబల్ల మీద రాయాలి. రాసి, తలుపు మూసి, సీసాతో వచ్చిన కాగితం చదవమని చెప్పాలి. తలుపు మూయడానికి జంకే ట్యూటర్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర చదివినవాళ్లు ఊళ్లలో పిల్లలకు సూదులు వేస్తున్నారు. ట్యూటరమ్మ కోపానికి కారణం ఇదొక్కటే. ఇంతకన్నా చిన్న కారణానికి ఆమె కోపగించుకోగా నేను చూడలేదు.

సమాధి దగ్గర ఆమె చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "పాస్టరుగారు వచ్చి అందరినీ క్షమించమ్మా అనినాడప్పా పోయిన వారం. అందరినీ క్షమించింది. మీ అధ్యక్షుణ్ణి మాత్రం, 'ఆ తీర్మానం రద్దు కానీ, అప్పుడు ప్రార్థన చేస్తాను' అనింది. ఆయప్ప పని మిగిల్చి పోయింది మా యక్క."

మిగిలిన పనితో నేను కర్నూలు వచ్చాను. అధ్యక్షులవారు అప్పటికే సంతాప సభ నిశ్చయించారు. లెక్కల గదికి ట్యూటరమ్మ పేరు పెడతారట, పటానికి దండ వేస్తారట, పేపరుకు ఫొటో పంపుతారట.

"తీర్మానం రద్దు చేద్దాం సార్, ఆ రోజే," అన్నాను.

"పోయినామెకు రద్దు చేస్తే ఏమొస్తాదప్పా? తీర్మానం అంటే తీర్మానమే. దండకు మాత్రం పెద్దది చెప్పు. సభ ఏర్పాట్లన్నీ కమిటీ చూసుకోనీ."

లిఖితపూర్వకంగా కూడా ఆ అధికారం ఇచ్చారు. వారికి కృతజ్ఞతలు. కమిటీ వెంటనే సమావేశమైంది. పాత తీర్మానం రద్దుకు వారి సంతకం కావాలి, సభ ఏర్పాట్లకు అక్కరలేదు. ఇప్పటి సభ్యుల్లో సగం మంది ఒకప్పుడు ట్యూటరమ్మ చేతి నన్నారితో తడిసినవారు, మిగతా సగం ఆమె చేత బెంచీ మీంచి తోయబడినవారు. ఒక పదార్థానికి చోటు అక్కరలేదని మెజారిటీతో నిర్ణయించే హక్కు ఈ కమిటీకి ఉన్నదని పాత తీర్మానమే సాక్ష్యం. ఆ హక్కును మరొక పదార్థానికి వర్తింపజేశాం. అధ్యక్షులవారికి ఘనపరిమాణం లేదు. చేతులెత్తమనే అవసరం కూడా రాలేదు, అందరివీ ముందే లేచి ఉన్నాయి.

సభ రోజున హాలు నిండింది. కుర్చీలన్నిటిలో విద్యార్థినులు కూర్చున్నారు. వేదిక మీద పటం ఉంది, మైకు ఉంది. అధ్యక్షులవారు దండ చేతబట్టుకుని వచ్చారు.

"నా కుర్చీ యాడ?"

"తీర్మానం ప్రకారం మీకు చోటు అక్కరలేదు సార్. ఎక్కడైనా సరిపోతారు," అన్నాను.

ముందు వరుసలో ఒక పిల్ల లేవబోయింది. పక్కపిల్ల చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఫొటోగ్రాఫరు ఇంకా రాలేదు కాబట్టి వారు వెళ్లిపోలేరు. పాత తీర్మానం రద్దుకు సంతకం చేయమని నేను కాగితం చాపాను. వారు తీసుకోలేదు. దండ కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నారు. కొంతసేపటికి మళ్లీ కుడిచేతికి మార్చుకున్నారు. ఉపన్యాసాలన్నీ అయ్యేవరకు అక్కడే, గోడకు ఆనుకోవాలా వద్దా అని తేల్చుకోలేక, పూల తడి చెప్పుల మీద పడుతుండగా నిలబడి ఉన్నారు.

కావున అందరికీ తెలియజేయడమేమనగా: ఈ సంస్థలో పొడికి చోటు దక్కేవరకు అధ్యక్షులవారికి కుర్చీ, స్టూలు, బెంచీ, మెట్టు, అరుగు వర్తించవు. వారు ఎక్కడైనా కూర్చున్నట్టు కనిపించినచో, నిలబడి ఉన్నట్టుగానే నమోదు చేయవలెను. ఇదే అంతిమం.